కోత పండుగకి తెచ్చిన నల్లబెల్లం

అనకాపల్లిలోని మా మందిరంలో ఏటా కోత పండుగ నాడు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. చేతికొచ్చిన పంటలో మొదటిది తెచ్చి బల్ల ముందు పెట్టాలి. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, కుంచెడు ధాన్యం. పొలం లేనివాళ్లు అరిసెలు వండి తెస్తారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అన్నిటినీ ఆవరణలోకి మోసుకెళ్తాం. అక్కడ ఒక నిమ్మకాయ, బజారులో బుట్టెడు నిమ్మకాయలు వచ్చే ధరకి పోతుంది. నిమ్మకాయ కావలసి ఎవరూ పాడరు. దేవుడి పని మీద ప్రేమకి పాడతారు, పక్కవాడి మీద పంతానికి పాడతారు, పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఆ ఊపులో పాడతారు. మా అందరికీ ఇది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. మా బావకీ తెలుసు. తెలిసి కూడా ఆ ఒక్క ఏడాది మరిచిపోయాడు.

బావ అంటే మా అక్క భర్త. చీడికాడ అవతల పల్లెలో కొద్దిపాటి చెరకు తోట, తోట చివర తాటాకు పాకలో బెల్లం వండే పెనం. వాళ్ల నాన్న కాలం నుంచి చలికాలం వచ్చిందంటే ఆ పొయ్యి ఆరేది కాదు. చుట్టుపక్కల పెనాలన్నీ ఒక్కొక్కటే మూలపడుతుంటే, ఆ ఊరికి ఆయనదే చివరి పొయ్యిగా మిగిలింది. ఆ పొయ్యి వెలుగుతూ ఉండడమే ఆయనకి కావలసింది. ఆయన ప్రార్థనలో ఎప్పుడూ వినిపించే ఒకే ఒక్క సొంత కోరిక అదే.

అనకాపల్లి కొత్తగా జిల్లా కేంద్రమైన రోజులవి. పేరు బోర్డులు మారుతున్నాయి, బైపాస్ పొడుగునా హోటళ్లు లేస్తున్నాయి, సాయంత్రాలు కుటుంబాలు కూర్చుని కాఫీ తాగే చోట్లు మొదటిసారి కనిపిస్తున్నాయి. మన ఊరి బెల్లానికి మంచి రోజులొస్తాయని అందరూ అంటున్నారు. మందు కలపని బెల్లం కావాలని పట్నం వాళ్లు అడుగుతున్నారట. ఆ మాట బావ చెవిన కూడా పడింది.

మా వైపు బెల్లానికి రంగే ప్రాణం. పాకం మరుగుతుండగా తెల్లటి పొడి ఒకటి వేస్తారు, హైడ్రోస్ అంటారు. దాంతో దిమ్మ పసుపు తేలి మెరుస్తుంది. మెరిస్తేనే ధర. బావ చాలా ఏళ్లు అందరిలాగే వేశాడు. ఆ ఏడాది మొదటి పెనానికి మాత్రం వేయలేదు. ప్రథమ ఫలం కళంకం లేనిదై ఉండాలని అంతకు ముందు ఆదివారం అయ్యగారు చెప్పిన మాట ఆయన మనసులో గుచ్చుకుంది. బెండ మొక్కలు నలిపి ఆ జిగురుతో మడ్డి మాత్రం తీసి వండాడు. దిమ్మ నల్లగా, చింతపండు రంగులో వచ్చింది. గోనెలో చుట్టి భుజాన వేసుకుని మందిరానికి తెచ్చాడు.

మా సంఘ పెద్దల్లో ఒకాయన బెల్లం మార్కెట్లో దిమ్మలకి వేలం పాట నడిపేవాడు. మందిరంలో కూడా వేలం ఆయనదే. గోనె విప్పి చూసి, తువ్వాలు తల మీద వేసుకుని ఏడుపు మొహం పెట్టాడు.

"ఏటి అల్లుడూ, దిమ్మ తెమ్మంటే పొయ్యిరాయి తెచ్చేవా?"

ఆడవాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వి, "నోట్లో ఎట్టుకుని అప్పుడు సెప్పు మావా" అన్నాడు.

పెద్దాయన ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఇంకో ముక్క విరుచుకున్నాడు. తర్వాత గొంతెత్తాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా! మా తాత సిన్నప్పుడు తిన్న బెల్లం ఇది. మందు లేదు, మాయ లేదు. సూడ్డానికి నల్లన, లోపల బంగారం. పైకి తెల్లన, లోపల నల్లన ఉండే మనకి ఎదురు లెక్క! పాడండి!"

పాడారు. ఒక టీచరమ్మ మొదలుపెడితే రైల్వే ఆయన పెంచాడు, ఆయన మీద ఆయన తోడల్లుడే పెంచాడు. "బెల్లం కొంటన్నావా, బంగారం కొంటన్నావా" అని ఎవరో వెక్కిరిస్తే, ఆ వెక్కిరించినవాడే ఇంకో మెట్టు ఎక్కాడు. మార్కెట్లో బండెడు బెల్లానికి పలికే ధర ఆ ఒక్క దిమ్మకి పలికింది. నేను బావ మొహం చూశాను. కళ్లు తడిగా ఉన్నాయి. అది అందరికీ పండుగ సంతోషంలాగే కనబడింది, నాకూ అలాగే కనబడింది.

మరుసటి వారం వాళ్ల ఊరు వెళ్తే తెలిసింది. పెనం ముందు బావ, పక్కన గంపలో బెండ మొక్కలు. హైడ్రోస్ డబ్బా ఎక్కడా లేదు.

"ఈ ఏడు పంటంతా ఇలాగే వండేత్తాను" అన్నాడు. "దేవుడు పదిమంది ముందు సెప్పించేడు గదా బావా. నానింకా ఏటి అనుమానపడాలి?"

"మందిరంలో పాట వేరు, మార్కెట్ వేరు బావా" అన్నాను.

"గొంతు ఒకటే గదా. అక్కడ పాడేది ఆ మావే, ఇక్కడ పాడిందీ ఆ మావే."

అక్క పిప్పి ఎత్తి పొయ్యిలో తోస్తూ, తల తిప్పకుండానే అంది. "సెప్పు తమ్ముడూ, నువ్వైనా సెప్పు. నా మాటకి ఈ పాకలో ఈగ కూడా లేవదు. మీ బావకి దరసనం అయ్యిందట. నాకు మాత్రం సెరుకు తోటే అవపడతంది."

చలికాలం నడుమ మొదటి బండి మార్కెట్‌కి వచ్చింది. నేను కూడా వెళ్లాను. పొద్దుటి ఎండలో పసుపు దిమ్మల వరుసలు, వాటి మధ్యలో బావ గుట్ట. చుట్టూ తిరిగే వర్తకులు దాని దగ్గరికొచ్చేసరికి అడుగు వేగం పెంచేవారు. పెద్దాయన ఒక్కో గుట్ట దగ్గరా ఆగి పాడుతూ వస్తున్నాడు, వెనకాల వర్తకులు గుంపుగా. బావ గుట్ట దగ్గర ఆగాడు. ఒక క్షణం బావ వైపు చూశాడు. మందిరంలో వినిపించిన ఆ గొంతుతోనే మొదలుపెట్టాడు. "మందు లేని బెల్లం, బెండ జిగురుతో వండింది..."

ఎవరూ నోరెత్తలేదు. పెద్దాయన మళ్లీ పాడాడు. ఒక వర్తకుడు దిమ్మ మూల గోటితో గీరి, "మామా, ఈ రంగు సరుకు కొంటే రేపు ఎక్సైజు వాళ్లకి నువ్వొచ్చి సమాధానం సెప్తావేటి?" అన్నాడు. గుంపులో నవ్వు పుట్టింది. నల్లబెల్లం అంటే మా వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది నాటుసారా. కొండల మీది సారా బట్టీలకి చాటుగా పోయే సరుకు అది. మంచి వర్తకుడు దాన్ని ముట్టుకోవడానికి భయపడతాడు.

మూడోసారి పాడుతుంటే పెద్దాయన గొంతు పోయింది. దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్క గుట్టకి వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా బావ బండి దగ్గరే నిలబడ్డాడు. చీకటి పడుతుండగా మోటారుసైకిల్ మీద ఒకడు వచ్చి పక్కకి పిలిచాడు. సరుకంతా తీసుకుంటాడట, ఇంటికే బండి పంపుతాడట, ఇంకెంత వండినా తీసుకుంటాడట. ఎక్కడికి వెళ్తుందో అతనూ చెప్పలేదు, బావా అడగలేదు. అడగక్కర్లేదు. బావ తల అడ్డంగా ఊపాడు.

ఇంటికెళ్లాక అక్క ఊరుకోలేదు.

"అమ్మేసి ఒప్పుకోలు సేసుకో. దేవుడు క్షమించడేటి? తాగినోళ్లనే క్షమిత్తాడు గదా, బెల్లం అమ్మినోడ్ని క్షమించడా?"

"మందిరంలో ఎత్తిన సరుకు. ఇప్పుడు సారా కుండలో దింపమంటావా?"

"ఎత్తింది ఒక్క దిమ్మ! మిగతాయి నీ అంతట నువ్వు ఎత్తుకున్నావు!"

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు తమ్ముడూ, ఆదివారం బడిలో పిల్లలకి నేర్పుతావు గదా. పొయ్యి ఆరిపోతే నీ వాక్యంలో ఏటుంది?"

నాకు తెలిసిన వాక్యాలన్నీ ఆ పూట వెతుక్కున్నాను. నమ్మినవాడు సిగ్గుపడడని ఉంది. బావ సిగ్గుపడుతున్నాడు. నేను ప్రార్థన చేద్దామన్నాను. చేశాం. అక్క ఆమెన్ అనలేదు.

మందు లేని బెల్లం నిలవ ఉండదు. తొలకరికే దిమ్మలు చెమర్చాయి. ముసురు పట్టేసరికి పాకలో నేల జిగటైపోయింది. ఈగలు, చీమలు, పులిసిన వాసన. బట్టీకి పంపకుండానే అది సారా వాసన వేస్తోందని ఊళ్లో జోకులు వేశారు. బావ పారతో ఎత్తి, తోట గట్టు మీద గొయ్యి తీసి పూడ్చాడు. నేను ఒక పార పట్టాను. ఆ ఏడాది చెరకు మళ్లీ నాటలేదు. పెనం పాతఇనుము బండికి ఎక్కుతుంటే అక్క గుమ్మంలో నిలబడి చూసింది, మొదటిసారి ఏడ్చింది.

బావ అచ్యుతాపురం మందుల కంపెనీ బస్సు ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ వయసులో ఇచ్చేది ఊడ్చే పనే. చోడవరంలో అద్దెకి దిగి, తెల్లారకుండానే రోడ్డు మీదకి వచ్చి నిలబడేవాడు. ఆదివారం డ్యూటీ పడితే మందిరానికి రావడం కూడా తప్పేది. యూనిఫాం మీద ఏదో మందు వాసన. "హైడ్రోస్ మానేసినందుకు దేవుడు నన్ను ఇంకా పెద్ద డబ్బాలో ఏసేడు" అని ఒకసారి నవ్వాడు. ఆ ఒక్కసారే.

అనకాపల్లి మాత్రం నిజంగానే పైకొచ్చింది. నేను కాదనను. మూతపడి గబ్బిలాలు పట్టిన పాత బెల్లం గిడ్డంగి ఒకదానికి సున్నం కొట్టి, దీపాలు పెట్టి హాలు చేశారు. అందులో నాటకాలు ఆడుతున్నారు, పిల్లలకి తప్పెటగుళ్ల ఆట నేర్పుతున్నారు. చలికాలంలో బెల్లం మేళా పెడుతున్నారు. మందు లేని నల్లబెల్లం ఇప్పుడు గాజు సీసాల్లో పొడిగా, అట్టపెట్టెల్లో ముక్కలుగా అమ్ముతున్నారు. విశాఖ నుంచి కార్లు వస్తాయి. చెమ్మ తగలని గదులు కట్టారు. మా సంఘంలోని విధవరాళ్లకి, పెళ్లికాని పిల్లలకి ఆ పెట్టెలు కట్టే పని దొరికింది. వాళ్ల పేర్లు చెప్పి నేను కృతజ్ఞతా ప్రార్థన చేశాను, మనస్ఫూర్తిగా చేశాను. బావ వండిన బెల్లమే అది. ఆయన పొయ్యి ఆరాక రెండు చలికాలాలకి ఊరు దాన్ని అడిగింది. దేవుడు ఆ పండుగ నాడు మాట్లాడాడో, మేమే అరుచుకున్నామో నాకు ఇప్పటికీ తెలియదు. మాట్లాడితే మాత్రం, వేళ ఎందుకు చెప్పలేదని అడుగుతూనే ఉన్నాను.

మొన్నటి కోత పండుగకి బావ వచ్చాడు. చేతిలో పాత బిస్కెట్ల డబ్బా. కూలి డబ్బుల్లోంచి ఏదో కానుక తెచ్చాడనుకున్నాను. మూత తీస్తే పొడి బూడిద. బూడిద తోస్తే లోపల కొబ్బరికాయంత నల్ల దిమ్మ. గొయ్యి తీసిన రోజు చెడకుండా మిగిలిన ఇదొక్కటి పూడ్చలేదట, చెమ్మ తగలకుండా బూడిదలో దాచాడట. అక్కకి కూడా చెప్పలేదట. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వేలం దగ్గర పెద్దాయన దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ముసలివాడైపోయాడు, మార్కెట్ పని మానేశాడు. గొంతు సవరించుకుంటుంటే బావ లేచి నిలబడ్డాడు.

"మావా, దీనికి పాట ఒద్దు."

"అదేటి అల్లుడూ?"

"ఒద్దు. పగలగొట్టి పిల్లలకి పంచీ."

పెద్దాయన నాలుగు పక్కలా చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది పోటీ పడి పాడిన టీచరమ్మ, రైల్వే ఆయన తలలు దించుకున్నారు. అయ్యగారు తమ ఇంట్లోంచి రోకలి తెప్పించారు. పెద్దాయన గోనె మీద పెట్టి కొట్టాడు. పిల్లలు చేతులు చాచి వరుసగా వచ్చారు. తర్వాత పెద్దవాళ్లం కూడా అదే వరుసలో నిలబడ్డాం. కొద్దిగా బూడిద రుచి, దాని వెనక బెల్లం.

హాలు దగ్గర దుకాణంలో పెట్టెలు కట్టే అమ్మాయి ఒకతె నాలుక మీద ముక్క తిప్పుకుంటూ బావ దగ్గరికి వచ్చింది. ఆమెకి ఈ కథ తెలియదు.

"మావయ్యా, మా షాపులో ఇలాటిది లేదు. మా మేనేజర్ సూత్తే ఇప్పుడే ఆర్డర్ పెడతాడు. ఇంకా ఉందేటి?"

బావ డబ్బాలో మిగిలిన బూడిదని గోడ వారకి పోసి, డబ్బా బోర్లించి తట్టాడు.

"లేదమ్మా" అన్నాడు. "అయిపోయింది."