పెనక్క తాళాల చప్పుడు

షిఫ్టు పెద్ద పెన చచ్చిపోయిన కొద్దిరోజులకే మిల్లులో ఆమె తాళాలు వినబడడం మొదలైంది. వినబడింది రుస్కా ఒక్కదానికే. ఉన్ని వడికే యంత్రాల హోరులో పక్కమనిషి కేకేసినా వినబడదు. అలాంటిది, నడుముకు కట్టిన తాళాల గుత్తి గలగలమంటూ వరసల మధ్య నడిచి వచ్చి, సరిగ్గా తన వెనకే ఆగేది.

రుస్కా భయపడలేదు. చచ్చినవాళ్ళు నలభై రోజులు మన మధ్యే తిరుగుతారని స్లివెన్ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మిగతా ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని పెన కుర్చీకి ఎడంగా నడుస్తుంటే, రుస్కా మాత్రం “వచ్చావా అక్కా” అనుకుని తెగిన పోగు అతుక్కునేది. ఆ మిల్లు మొత్తంలో తన మనిషి అంటూ ఉన్నది ఆవిడొక్కతే మరి.

రుస్కాది ఊరవతల, ఊరివాళ్ళు దూరం పెట్టే రోమా జాతివాళ్ళ పేట. తల్లి అదే మిల్లులో నేల ఊడ్చీ ఊడ్చీ నడుం వంగి పోయింది. కూతురు చీపురు దగ్గర మొదలుపెట్టి యంత్రం దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ చెయ్యి పట్టుకుని పని నేర్పేది ఆమే. ఆ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆమెను దాటుకుని పైకి పోయేవారు. పని నేర్పిన చెయ్యి పనికొచ్చింది గానీ, ఆ చేత్తో పెట్టింది తినడానికి మాత్రం ఒక్కరికీ నోరు తెరుచుకునేది కాదు.

ఏటా కొత్త సంవత్సరానికి ముందు అందరూ ఇళ్ళ నుంచి బనిత్సా చేసి తెచ్చేవారు. చీజు కూరి పొరలు పొరలుగా కాల్చిన రొట్టె అది. ముక్కల్లో చెట్టు పుల్లలు దాస్తారు. మొగ్గలున్న పుల్ల ఎవరికి వస్తే వాళ్ళకు ఏడాదంతా ఆరోగ్యం. అందరి పళ్ళేలూ చూస్తుండగానే ఖాళీ అయ్యేవి. రుస్కా పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఒక్కసారే జబ్బులు పుట్టుకొచ్చేవి.

“అయ్యో, డాక్టరు పిండి ముట్టుకోవద్దన్నాడు,” అనేది వెసెలా, అప్పటికే మూడు ముక్కలు మింగి.

“కడుపులో చోటు లేదు రుస్కా, ఏమనుకోకు,” అనేది ఇంకొకామె.

షిఫ్టుకు పెద్ద అయిన పెన ఒక్కతే లేచి వచ్చి, ఒక ముక్క తీసి రుమాల్లో చుట్టుకునేది. “ఈ గోలలో ఏం తింటానే. ఇంటికెళ్ళి కాఫీతో స్థిమితంగా తింటా.” మొగ్గలు నిండుగా ఉన్న పుల్ల ఆ ముక్కలోనే ఉండేటట్టు చూసుకునేది రుస్కా. ఒకసారి పెన, షిఫ్టు పెద్దకే ఉండే ఆ నడుం మీది తాళాలు తట్టి, “నా తర్వాత ఇవి నీకేనే” అంది. ఆ ఒక్క మాట పట్టుకుని రుస్కా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

నలభయ్యో రోజు దగ్గర పడుతుండగా ఇంజనీరు దిమోవ్ ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఎన్నడూ లేనిది కూర్చోమన్నాడంటేనే, చెప్పబోయేది మంచి కబురు కాదని ఆమెకు తెలిసిపోయింది.

“సోమవారం నుంచి తాళాలు వెసెలాకి ఇస్తున్నాం.”

“ఆ పిల్లకి పని నేర్పింది నేను సార్.”

“తెలుసు. అందుకే నువ్వు పక్కనుంటే ఆ అమ్మాయికి ధైర్యం.”

“పెనక్క నా గురించి మీతో ఏం చెప్పలేదా?”

దిమోవ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చెప్పింది. ఆస్పత్రిలో నేనే అడిగాను. పనిలో రుస్కాని మించినవాళ్ళు లేరు, కానీ మనవాళ్ళు దాని చేతి కింద పనిచెయ్యరు, దానికివ్వొద్దు అంది.”

రుస్కా ఒళ్ళు మండిపోయింది. చచ్చిన మనిషి నోట్లో మాట పెట్టడం ఎంత సులువు, ఆవిడ లేచొచ్చి కాదనదు కదా. ఆస్పత్రిలో మంచం పక్కన పెన మొగుడు కోల్యో ఉండేవాడు. అదంతా అబద్ధమని అతను ఒక్క మాట అంటే చాలు, పెద్ద డైరెక్టరు గదిలోకి వెళ్ళి నిలదీద్దామనుకుంది.

నలభయ్యో రోజు పెన ఆత్మ కోసం బనిత్సా చేసి వాళ్ళింటికి పట్టుకెళ్ళింది. చచ్చినవాళ్ళ పేరున తెచ్చింది ఎవరూ వద్దనకూడదు. తిని, “దేవుడు క్షమించాలి” అనాలి. ఆ మాట అందరూ అన్నాకే ఆత్మ మనల్ని వదిలి పోతుంది.

సమాధి దగ్గర్నుంచి చుట్టాలు వచ్చి వెళ్ళిపోయారు. పెరట్లో బల్ల దగ్గర కోల్యో ఒక్కడే ఉన్నాడు. రుస్కాను చూసి అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

“రా అమ్మా, రా. నీ పేరు తలవని రోజు లేదు మీ అక్క.”

ఆ మాటకు రుస్కా ప్రాణం లేచి వచ్చింది. అడుగుదామని నోరు తెరిచేలోపే పళ్ళెం వాసనకు ముసలి కుక్క ఒకటి తోక ఊపుతూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర చేరింది. బాగా మేసి, నున్నగా ఉంది.

“చూశావా, గుర్తుపట్టింది,” కోల్యో నవ్వాడు. “ఏటా నీ బనిత్సా దీనికే. ఒక ఏడు పుల్ల గొంతులో గుచ్చుకుని చావబోయింది. అప్పట్నుంచీ మీ అక్క ముక్క విరిచి, పుల్ల తీసి మరీ పెట్టేది.”

అంటూనే ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నెమ్మదిగా అతని మొహం మారింది.

“ఎంత బాగుంది రుస్కా. ఇన్నాళ్ళూ దీన్నా కుక్కకి పెట్టాం మేము?”

ఆ మాటలో వెటకారం లేదు. పాపం నిజంగానే బాధపడ్డాడు. ఇక రుస్కా అడగడానికి ఏమీ మిగల్లేదు. తను కోరి పెట్టిన ఆరోగ్యమంతా తిన్న కుక్క ఆమె కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. పెన మట్టిలో ఉంది.

కోల్యో గ్లాసులోంచి కొంచెం వైను నేల మీద ఒంపి, “దేవుడు క్షమించాలి” అన్నాడు. రుస్కా వైపు చూశాడు. ఆమె వెనక గలగలమని తాళాలు వచ్చి ఆగాయి.

రుస్కా పళ్ళెం అక్కడే వదిలేసి, ఆ మాట అనకుండానే గేటు తీసుకుని వచ్చేసింది.

సోమవారం వెసెలా తాళాలు కట్టుకుని వరసల మధ్య తిరిగింది. ఆ పిల్ల వెనకే ఇంకో గుత్తి చప్పుడు రుస్కాకు వినబడింది. ఇప్పటికీ వినబడుతోంది, రోజూ వచ్చి ఆమె వెనక నిలబడుతోంది. తను ఆ ఒక్క మాట అంటే పెన వెళ్ళిపోతుందని రుస్కాకు తెలుసు. ఇంతవరకూ అనలేదు.