మెరుగు పెట్టని బాయిలర్

కట్టుడు పళ్ళు చేసే మనిషికి రైలింజనుతో పనేమిటని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. అడగరా మరి? వారమంతా డెంటల్ ల్యాబులో ఎవరెవరివో నోళ్ళ అచ్చులు ముందు పెట్టుకుని మైనంతో చిగుళ్ళు దిద్దే ఆవిడ, ఆదివారం వస్తే చాలు, పెరట్లో రాగిరేకు ముందేసుకుని దబదబా బాదుతూ కూర్చుంటే చూసేవాళ్ళకు వింతగానే ఉంటుంది. చిన్నబళ్ళ క్లబ్బులో అందరూ ఆవిడను పళ్ళమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా హాయిగా పలుకుతుంది.

ఆ క్లబ్బు గురించి రెండు ముక్కలు చెప్పాలి. పార్కు వెనక ఒక రేకుల షెడ్డు, దాని చుట్టూ జానెడైనా వెడల్పు లేని పట్టాలు, వాటి మీద మోకాలెత్తు ఇంజన్లు. బొమ్మలనుకునేరు! నిజం బొగ్గు, నిజం నీళ్ళు, నిజం ఆవిరి. వెనక బల్లబండి మీద కాళ్ళు చెరో పక్కా వేసుకుని పెద్దవాళ్ళు కూర్చున్నా లాక్కుపోతాయి. అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పరీక్ష నెగ్గని బాయిలర్ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. దాని నిండా చన్నీళ్ళు పోసి, మామూలుగా పనిచేసే ఒత్తిడికి రెట్టింపు వచ్చేదాకా చేతిపంపు కొట్టాలి. అప్పుడు గేజి ముల్లు అరగంట సేపు కదలకుండా నిలవాలి. ఆ ముల్లు ముందు స్టూలు వేసుకుని కూర్చునే పెద్దమనిషి మరెవరో కాదు, పళ్ళమ్మ కన్నతండ్రి. ఇంకేం, ఇంటి పరీక్షేగా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కూతురి బాయిలర్ తండ్రి చూడటమేమిటని క్లబ్బులో ఒక్కరూ గొణగలేదంటే, ఆయన ఎలాంటివాడో మీరే ఊహించుకోండి.

ఇంజను ఎవరి పుస్తకంలోదీ కాదు, పళ్ళమ్మ సొంత బుర్రలోంచి వచ్చింది. షెడ్డు మూల దగ్గర మలుపు మరీ ఇరుకు. పొడుగు బళ్ళు అక్కడ కీచుమని ఏడుస్తాయి, ఒక్కోసారి పట్టా దిగిపోతాయి. పొట్టిగా, బొద్దుగా, బలంగా ఉండి ఆ మూలను నవ్వుతూ తిరిగే బండి కావాలని ఆవిడకు పట్టుదల. కాగితం మీద గీతలు గీస్తే ఆవిడకు తృప్తి ఉండదు, చేతికి తగలాలి. అందుకని పళ్ళ సెట్లకు వాడే గులాబీ రంగు మైనంతో ఇంజను మొత్తాన్నీ భోజనాల బల్ల మీద పోతపోసినట్టు నిలబెట్టింది. బస్సు కండక్టరైన మొగుడు కంచం ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తిన్నాడు, పాపం, ఒకరోజా రెండ్రోజులా!

"నా సర్వీసులో ఒక్క టికెట్టూ కొట్టలేని బండి ఇదేనే" అనేవాడు. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మైనం పొగగొట్టం మెల్లగా తల వాల్చేసింది. "మీ నాన్న దిష్టి తగిలింది" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పళ్ళమ్మ కూడా నవ్వి, దాన్ని మళ్ళీ నిలబెట్టింది. పంటికి తొడుగు పోసినట్టే ఈలనూ మీటలనూ మైనంలో చెక్కి ఇత్తడిలో పోసుకుంది. చక్రాలు తిరిగాయి, సిలిండర్లు కుదిరాయి. ఇక మిగిలింది బాయిలరే.

అక్కడే వచ్చింది తంటా. బాయిలర్ లోపల నిప్పుపెట్టె ఉంటుంది. దాని గోడలు ఒత్తిడికి లోపలికి కుంగిపోకుండా, బయటి గోడలకు రాగి కడ్డీలతో కట్టేస్తారు. ప్రతి కడ్డీ కొసనూ వెండి టాకా కరిగించి అతుకుతారు. కరిగిన టాకా కడ్డీ చుట్టూ చిన్న గట్టులా నిలబడుతుంది. చూడ్డానికి ముతకగా ఉంటుంది గానీ బలమంతా ఆ గట్టులోనే. పళ్ళమ్మ ఆ గట్టును చూసింది. చూసి ఊరుకుంటే కదా! నాలుక తగిలే చోట ఇసుకరేణువంత గరుకున్నా పళ్ళ సెట్టు వెనక్కి వస్తుందని ఇన్నేళ్ళ ఉద్యోగం ఆవిడ వేళ్ళకు నేర్పింది. ఆకురాయి తీసుకుంది. తర్వాత గరుకు కాగితం, ఆ తర్వాత మెరుగు పెట్టే చక్రం. ఒక్కో గట్టునూ అరగదీసి, అద్దంలా తోమి, వేలితో తడిమి చూసుకుని మురిసిపోయింది. అలవాటైన చెయ్యి ఊరుకోదు మరి.

షెడ్డులో ఆ బాయిలర్ చూసి అందరూ ఆహా ఓహో అన్నారు. తండ్రి మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని పంపు కొట్టాడు. ముల్లు సగం దూరమైనా ఎక్కకముందే కడ్డీల దగ్గర నీళ్ళు చెమటలా పట్టాయి, చూస్తుండగానే ధారలు కట్టాయి.

"పైన పటారం, లోన లొటారం" అన్నాడు ఆయన, అందరూ వింటుండగా. "ఇది బాయిలరు కాదమ్మా, షోకేసులో పెట్టుకునే సామాను. తీసుకుపో."

పళ్ళమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి రంపంతో బాయిలర్‌ను నిలువునా కోసి చూస్తే తప్పు తనదేనని తేలింది. టాకా ఉల్లిపొర పాటి కూడా మిగల్లేదు. కొయ్యకుండా అతుకేసి ఉన్నా, ఒకదాన్ని వేడిచేస్తే పక్కది ఊడిపోయేదే. తప్పు తెలిసినా కోపం మాత్రం చావలేదు. పరాయివాళ్ళయితే పక్కకు పిలిచి చెప్పేవాడు, కన్నకూతురు కాబట్టి లోకువ అనుకుంది. చాలా వారాలు తండ్రికి ఫోన్ చేయలేదు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదే" అన్నాడు మొగుడు.

"మా ఇంట గెలవడం కన్నా రచ్చే నయం" అంది పళ్ళమ్మ. "ఇంకొక్కటి చేస్తాను. అదీ పోయిందా, చక్రాలూ సిలిండర్లూ ఎవరికైనా ఇచ్చేసి, మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కను. ఒట్టు."

ఉత్తుత్తి ఒట్టు కాదని ఆయనకు తెలుసు. ఆ మాట తర్వాత హాస్యాలు మానేసి, ఆదివారాలు రాగిరేకు పట్టుకుని సాయం కూర్చున్నాడు. రెండో బాయిలర్‌కు టాకా వేశాక ఆవిడ వేళ్ళు ఎంత దురద పెట్టాయో చెప్పలేం. ఆకురాళ్ళన్నీ మూటకట్టి మొగుడికిచ్చి, బస్సు డిపోలో ఆయన పెట్టెలో తాళం వేయించింది. బాయిలర్ గడ్డలు గడ్డలుగా, కురుపులు లేచినట్టు తయారైంది. దాన్ని బయటికి తీసుకెళ్ళాలంటేనే ఆవిడకు సిగ్గేసి, పాత దుప్పటి కప్పి తీసుకెళ్ళింది.

తండ్రి దుప్పటి తీసి చూశాడు. పంపు కొట్టాడు. ముల్లు ఎక్కింది, రెట్టింపు గీత దగ్గర ఆగింది. ఎక్కడా చెమ్మ లేదు. పళ్ళమ్మ పెదవి కొరుక్కుంటూ గోడకానుకుని నిలబడింది. సగం సమయం గడిచిందో లేదో, ముల్లు వెంట్రుకవాసి దిగింది.

అయిపోయిందనుకుంది పళ్ళమ్మ. పాత దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది.

తండ్రి మాత్రం కంగారు పడలేదు. కడ్డీలన్నీ వేలితో తడిమాడు, పొడిగానే ఉన్నాయి. పంపు గొట్టం బిగింపు దగ్గరకొచ్చేసరికి వేలు తడిసింది. వాషరు అరిగిపోయింది. నీళ్ళు కారింది ఆయన పంపులోంచే, బాయిలర్‌లోంచి కాదు.

"హమ్మయ్య, ఇంకేం, సగమైంది కదా, మిగతా సగం చూసేయండి" అన్నారెవరో.

"కుదరదు" అన్నాడాయన. కొత్త వాషరు వేసి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఆ అరగంట ఎలా గడిచిందో పళ్ళమ్మను అడగకండి, గుర్తులేదంటుంది. ముల్లు మాత్రం గీసిన బొమ్మలా నిలబడిపోయింది. "బాగుంది" అని ఒక్క ముక్క అన్నాడు తండ్రి. షెడ్డు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా ఈల వేసినవాడు కండక్టరే.

తండ్రి మాత్రం స్టూలు మీద నుంచి లేవలేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, బాయిలర్ వంకే చూస్తూ ఉండిపోయాడు. పళ్ళమ్మ కోపమూ పంతమూ మరిచి పక్కన చేరింది.

"ఏం నాన్నా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నానమ్మా." గొంతు తగ్గించి అన్నాడు, "పోయినసారి నీ బాయిలర్ పనికిరాదన్నాను చూడు, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఎవరేమనుకుంటే ఏం, నా బిడ్డ నిప్పు పక్కన కూర్చోదు కదా అని. ఇవాళ బాగుందన్నాను. ఇక నాకు నిద్రెక్కడిది?"

ఇన్నాళ్ళూ అది లోకువ అనుకుంది పళ్ళమ్మ! ఆయన అరచేతులు రెండూ పట్టుకుంది. చల్లగా, తడిగా ఉన్నాయి.

"నిద్ర ఎలాగూ లేదంటున్నావుగా, నా వెనకే కూర్చో. నీళ్ళు తగ్గితేనేగా బాయిలర్‌కు ముప్పు, ఆ మట్టం నువ్వే కనిపెట్టుకో" అంది.

ఇంజనుకు బాయిలర్ బిగించి మొదటిసారి నిప్పు రాజేసిన ఆదివారం, ఆవిరి మెల్లగా ఎక్కి, సేఫ్టీ వాల్వు బుస్సుమన్నాక పళ్ళమ్మ మీట తోసింది. బండి ఒకసారి తుమ్మి, కదిలింది. వెనక బల్ల మీద తండ్రి కూతురి భుజం గట్టిగా పట్టుకుని, మెడ సాచి నీళ్ళ మట్టం చూపే గాజుగొట్టం వైపే చూస్తున్నాడు.

"అమ్మా, నీళ్ళు!"

"చూశాను నాన్నా."

"మళ్ళీ చూడు."

"చూశానన్నానా!"

ఒక చుట్టు తిరిగి షెడ్డు ముందుకొచ్చారు. అల్లుడు ఎదురెళ్ళి చెయ్యి అందించి, "దిగండి మామయ్యా, నేను కూడా ఎక్కాలిగా" అన్నాడు.

"నువ్వు నా వెనక కూర్చోవయ్యా" అన్నాడు ఆయన, గాజుగొట్టం మీది నుంచి కళ్ళు తిప్పకుండా. "నేను దిగితే నీళ్ళెవరు చూస్తారు?"