రాజమణక్క అడిగి తెచ్చిన మాత్రలు

హైదరాబాదు లాల్‌దర్వాజాలో మహంకాళి గుడి వెనక గల్లీలో రాజమణి రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేది. ఆమె భర్త రామ్‌చందర్ కట్టెకోత మిషను దగ్గర పనిచేస్తూ 1991లో దుంగ మీదపడి చనిపోయాడు. ఆ ఏడాదే ఆమె ఒక కాన్సర్ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. మొదట్లో స్ట్రెచర్లు తోసింది, పక్కబట్టలు మార్చింది. పదేళ్ళ తర్వాత రక్తజబ్బుల ఓపీ గది ముందు పేర్లు పిలిచే పని ఇచ్చారు. కార్డు మీద పేరు తెలుగులో ఉంటే కూడబలుక్కుని చదివేది. ఇంగ్లీషులో ఉంటే నర్సును అడిగేది. ఒకసారి విన్న పేరు మళ్ళీ అడగవలసిన పని ఉండేది కాదు. మూడు నెలల తర్వాత వచ్చిన మనిషినైనా ముఖం చూసి పేరు పెట్టి పిలిచేది. అందుకే, ఎవరైనా రావడం మానేస్తే ఆ సంగతి కూడా అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది.

1995 జనవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. మన దేశం అందులో సభ్యురాలు. ఆ ఒప్పందంలో మందుల పేటెంట్ల సంగతి కూడా ఉంది. అప్పటిదాకా మన చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు ఇచ్చేది కాదు. అందువల్ల ఇక్కడి కంపెనీలు అదే మందును వేరే పద్ధతిలో తయారుచేసి చవగ్గా అమ్మేవి. పదేళ్ళలో ఈ చట్టం మార్చుకుంటామని దేశం మాట ఇచ్చింది. ఈలోగా కొత్త మందుకు దరఖాస్తు పెట్టుకున్న కంపెనీ అడిగితే, కొన్నాళ్ళపాటు అది ఒక్కటే అమ్ముకునే హక్కు ఇవ్వడానికి కూడా ఒప్పుకుంది. ఆ జనవరిలో రాజమణి పిల్లల వార్డులో పనిచేస్తోంది. ఇదంతా ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు కూడా.

డానియేలు 2003 ఫిబ్రవరిలో మొదటిసారి ఓపీకి వచ్చాడు. శాలిబండలో అతనికి ఇనుప భాగాలు చెక్కే చిన్న లేతు మిషను షెడ్డు ఉండేది. ఎడమ డొక్క కింద బరువుగా ఉంటోందని పరీక్ష చేయించుకుంటే రక్తకాన్సర్ అని తేలింది. ఆ రకం కాన్సర్ మెల్లగా నడుస్తుంది. మూడు నాలుగేళ్ళు మనిషి పని చేసుకుంటూ తిరుగుతూనే ఉంటాడు, ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతాడు. దానికి అప్పుడప్పుడే కొత్త మందు వచ్చింది. రోజూ మింగితే చాలు, చాలామందిలో జబ్బు ఉన్నచోటే ఆగిపోయేది. కనిపెట్టిన విదేశీ కంపెనీ మాత్రలకు నెలకు లక్షా ఇరవై వేల దాకా అయ్యేది. ఇక్కడి కంపెనీలు తయారుచేసిన అదే మందు పదివేల లోపు దొరికేది. డానియేలు చవక మాత్రలు మొదలుపెట్టాడు. అది కూడా అతనికి తేలిక కాదు. షెడ్డులో రెండు లేతులుంటే ఒకటి అమ్మేశాడు. మూడో నెలకు డొక్కలో బరువు పోయింది. నాలుగో నెల రక్తపరీక్ష కాగితం చూసి డాక్టర్ లక్ష్మీకాంత్ కుర్చీలోంచి లేచి అతని భుజం తట్టాడని నర్సులు చెప్పుకున్నారు.

ఆ నవంబరులో విదేశీ కంపెనీకి ఆ మందు తానొక్కటే అమ్ముకునే హక్కు వచ్చింది. తర్వాత రెండు మూడు నెలల్లో కోర్టు ఉత్తర్వులు వచ్చాయి. ఇక్కడి కంపెనీలు కొన్ని తయారీ ఆపేశాయి. మందుల దుకాణాల్లో ఉన్న సరుకు మార్చి నాటికి అయిపోయింది.

డబ్బులేని రోగులకు ఆ కంపెనీ ఉచితంగా మందు ఇచ్చే పథకం ఒకటి నడిపేది. ఓపీలో కొందరికి అది అందింది. షెడ్డు డానియేలు పేరు మీద ఆస్తిగా ఉండడంతో అతని దరఖాస్తు ఎటూ తేలలేదు. ఏప్రిల్‌లో పేరు పిలవగానే అతను లేచి వచ్చి, తన దగ్గర ఇక ఆరు రోజుల మాత్రలే ఉన్నాయని రాజమణితో అన్నాడు. డాక్టరుకు చెప్పవలసిన మాట ముందు ఆమెకు చెప్పాడు.

అప్పుడు రాజమణికి శ్రీహరిరావు గుర్తొచ్చాడు. అదే జబ్బుతో ఓపీకి వచ్చేవాడు, గుడివాడ నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడిన ఆడిటరు. పేపరు చదివే మనిషి. మందు దొరకకుండా పోతుందని ముందే పసిగట్టి, మూడు నెలలకు సరిపడా కొనిపెట్టుకున్నానని ఒకసారి ఓపీ బెంచీ మీద కూర్చుని ఆమెకు చెప్పాడు. కానీ ఆయన ఆసుపత్రికి వచ్చేసరికే జబ్బు ముదిరిపోయింది. ఏప్రిల్ మొదటివారంలో పోయాడు.

పదమూడో రోజు దాటాక, తన సెలవు రోజున రాజమణి బస్సెక్కి సంతోష్‌నగర్ వెళ్ళింది. శ్రీహరిరావు భార్య మైథిలి తలుపు తీసింది. ఆమె హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆసుపత్రి వాళ్ళు ఏదో సంతకానికి పంపారనుకుని కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చింది.

“అమ్మా, సారు తెచ్చిపెట్టుకున్న గోలీలు ఇంట్ల ఇంకా ఉన్నయా?” అని అడిగింది రాజమణి.

“ఉన్నాయి. ఎందుకూ?”

“వేరే ఆయనకు కావాలె. దుకాండ్లల్ల దొరుకుతలెవ్వు. గందుకే అడుగుదామని వచ్చిన.”

“మావారికి పనిచెయ్యని మందు ఇంకెవరికి పనిచేస్తుందమ్మా?” అంది మైథిలి.

“సారుకు జబ్బు ముదిరినంక మొదలువెట్టిండ్రు. గాయనకు ముందుగాలనే మొదలువెట్టిండ్రు. పనిచేస్తున్నది. నేను దినాం మొకాలు చూసేదాన్ని, నాకెరుకైతది.”

“మీరు ఇక వెళ్ళండి” అంది మైథిలి.

రాజమణి నీళ్ళు తాగి, గ్లాసు గుమ్మం పక్కన పెట్టి వచ్చేసింది. తనను తిట్టనందుకు ఆశ్చర్యపోయానని తర్వాత నర్సులతో చెప్పింది. మనిషి పోయిన ఇంటికి వెళ్ళి ఏదైనా అడగడం ఆమెకు అదే మొదటిసారి.

తొమ్మిది రోజుల తర్వాత మైథిలి తనంతట తానే ఓపీకి వచ్చింది. చేతిసంచీలో బిస్కట్ల డబ్బా ఉంది. ఎవరికి కావాలని అడిగింది. గోడవారన మూడో బెంచీ మీద, చొక్కాకు నూనె మరకలతో కూర్చున్న మనిషిని రాజమణి కళ్ళతోనే చూపించింది. మైథిలి వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ఎవరన్నది చెప్పలేదు. ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు అని అడిగింది. మందు ఆగి అప్పటికి ఐదారు రోజులైంది, ఆ దిగులుతో డానియేలు మాట్లాడే స్థితిలో లేడు. అయినా తన కూతురు వీణ ఇంటర్ చదువుతోందని చెప్పాడు. అరగంట తర్వాత మైథిలి లేచి, డాక్టరు గదిలోకి వెళ్ళి డబ్బా బల్లమీద పెట్టింది.

లక్ష్మీకాంత్ రాజమణిని లోపలికి పిలిచి గట్టిగానే మందలించాడు. ఎవరింట్లో ఏ వేడిలో ఉంచారో తెలియని మందు ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి ఇవ్వకూడదన్నాడు. అంటూనే ఒక్కొక్క అట్టా తీసి, చిరుగులున్నాయేమో, తేదీ దాటిందేమో చూశాడు. మొత్తం చూడడం అయ్యాక, “ఇట్లాంటివి ఇంకెవరింట్లోనైనా ఉన్నాయా?” అని అడిగాడు.

అలా ఆ పని రాజమణికి వచ్చింది. రెండేళ్ళలో ఆమె ఏడు ఇళ్ళకు వెళ్ళింది. చాంద్రాయణగుట్టలో ఒక ఇంట్లో మాత్రలన్నీ అస్థికలతోపాటు నీళ్ళలో కలిపేశామన్నారు. ఇంకో ఇంట్లో పెద్దకొడుకు ధర అడిగాడు. ఆమె లేచి వచ్చేస్తే, మర్నాడు చిన్నకొడుకు సైకిలు మీద తెచ్చి ఊరికే ఇచ్చిపోయాడు. ఈ మాత్రలతో, బొంబాయిలో ఉన్న బంధువు ఎక్కడో సంపాదించి పంపినవాటితో, రెండుసార్లు అప్పుచేసి కొన్న ఖరీదు మందుతో డానియేలు నెట్టుకొచ్చాడు.

మైథిలి రావడం మానలేదు. గురువారాలు బడి అయిపోగానే ఓపీకి వచ్చి, దరఖాస్తులు రాసిపెట్టేది, పేపర్లో వచ్చినవి చదివి చెప్పేది. 2005లో కొత్త పేటెంటు చట్టం వచ్చినప్పుడు ప్రపంచ వాణిజ్య ఒప్పందం సంగతి మొదటినుంచీ విడమరిచి చెప్పింది. డానియేలు అంతా విని, “కంపెనీ గేరు ఇరిగితే నా దగ్గర్కి తెస్తరు. సూసి గట్లాంటిదే చేసిస్త. గదీ తప్పేనా మేడమ్?” అని అడిగాడు.

“కనిపెట్టడానికి వాళ్ళకి బోలెడు ఖర్చవుతుంది. అది తిరిగి రాకపోతే రేపు కొత్త మందు ఎవరు కనిపెడతారని వాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. ఎంత ధర అన్నదగ్గరే తగువంతా” అంది మైథిలి.

“మరి మీరేమంటరు?”

“నేను డబ్బా తెచ్చి ఇచ్చాను కదండీ” అంది ఆమె.

ఆ ఏడాది జూన్‌లో కొమురమ్మ ఓపీకి వచ్చింది. రాజమణి గల్లీలోనే ఉంటూ గుడి ముందు పూలు అమ్మేది. ఆమెకూ అదే జబ్బు. ఆస్తి లేదు, ఆదాయం లేదు కాబట్టి ఉచిత పథకం కింద మందు తప్పక వస్తుందని అందరూ అనుకున్నారు. అయితే రేషను కార్డులో పేరు కొమ్రమ్మ అని, ఆసుపత్రి కార్డులో కొమురమ్మ అని ఉంది. వయసు కూడా తేడా. రాజమణి జీతం కోయించుకుని సెలవు పెట్టి, ఆమెను వెంటబెట్టుకుని తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగింది. కాగితాలు సరై మాత్రలు చేతికి వచ్చేసరికి అక్టోబరు అయింది. రాజమణి అడిగి తెచ్చే మాత్రలు డానియేలుకే చాలేవి కావు, అప్పటిదాకా కొమురమ్మకు జబ్బును ఆపలేని పాత రకం మందే వాడారు. అక్టోబరుకల్లా జబ్బు చివరి దశకు చేరింది. డిసెంబరు రెండో వారంలో కొమురమ్మ పోయింది.

పదకొండో రోజు భోజనాలకు రాజమణి ఆ ఇంటికి వెళ్ళింది. ఏడు ఇళ్ళలో అడిగిన మనిషి అక్కడ నోరు తెరవలేకపోయింది. విస్తరి ముందు కూర్చుని, అన్నం కలిపి, తినకుండానే లేచింది. బయటికి వస్తుంటే కొమురమ్మ కోడలు వెనకే వచ్చి కవరు చేతిలో పెట్టింది.

“అత్త చెప్పిపోయింది. గియి నీకే ఇయ్యమన్నది” అంది.

అందులో పందొమ్మిది రోజుల మాత్రలున్నాయి. డానియేలు దగ్గర ఆ వారంతో మందు అయిపోతోంది.

సోమవారం ఆమె ఆ కవరు తీసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టింది. లక్ష్మీకాంత్ అట్టలు తిప్పి చూశాడు. ఇవి పథకం కింద కొమురమ్మ పేరున వచ్చినవి, మిగిలితే తిరిగి కంపెనీకి అప్పగించాలని కాగితం మీద తను సంతకం చేశానన్నాడు. లెక్క తప్పితే పథకంలో ఉన్న మిగతా పద్నాలుగు మందికి వచ్చేది కూడా ఆగుతుందేమోనని భయపడ్డాడు. తర్వాత, “సాయంత్రం పంపిస్తాను” అని కవరు బల్లమీదే వదిలేసి వార్డు చూడడానికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది.

రాజమణి ఆ గదిలో ఒంటరిగా నిలబడింది. ఆయన కావాలనే వదిలి వెళ్ళాడా, పని తొందరలో మరచిపోయాడా అన్నది ఆమెకు అర్థం కాలేదు. పద్నాలుగు మంది పేర్లూ ఆమెకు తెలుసు. ఒక్కొక్కరి ముఖమూ తెలుసు. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసి, తర్వాతి పేరు పిలిచింది. సాయంత్రం కవరు వెళ్ళిపోయింది.

డానియేలుకు పదకొండు రోజులు మందు లేదు. ఈసారి ఎక్కడా లేవని ఆమె అతనికి చెప్పింది. ఆ పదకొండు రోజుల్లో అతను రెండుసార్లు ఓపీకి వచ్చాడు. రెండుసార్లూ ఆమె కార్డు మీదే చూపు పెట్టి పేరు పిలిచింది. పన్నెండో రోజు వరంగల్లు నుంచి ఎవరో మూడు వారాల మాత్రలు పంపారు.

2006 జనవరి చివర్లో చెన్నైలోని పేటెంటు కార్యాలయం ఆ మందు మీద పేటెంటు ఇవ్వడానికి నిరాకరించింది. ముందే తెలిసిన పదార్థానికి ఇది మరో రూపం మాత్రమేనని ఆ నిర్ణయంలో ఉందని మైథిలి పేపరు తెచ్చి చదివింది. విదేశీ కంపెనీకి ఉన్న హక్కు దాంతో పోయింది. చవక మాత్రలు మళ్ళీ దుకాణాల్లోకి వచ్చాయి. ఓపీలో సంబరమేమీ జరగలేదు. చీటీ రాయించుకుని అందరూ వరుసగా మందుల కౌంటరుకు వెళ్ళారు. రాజమణి ఆ తర్వాత ఎవరింటికీ వెళ్ళవలసిన పని పడలేదు.

డానియేలు కోలుకున్నాడు. రెండో లేతు మళ్ళీ కొనలేకపోయాడు గానీ షెడ్డు నిలబడింది. 2009 మే నెలలో వీణ పెళ్ళి సంతోష్‌నగర్ చర్చిలో జరిగింది. రాజమణి, మైథిలి కలిసి వెళ్ళారు. భోజనాల దగ్గర డానియేలు తనే వచ్చి వడ్డిస్తుంటే, రాజమణి అతన్ని పక్కకు పిలిచి మూడున్నరేళ్ళ కిందటి ఆ కవరు సంగతి చెప్పింది. ఆ రోజు మాత్రలు తన చేతిదాకా వచ్చాయని, పద్నాలుగు మందికి మందు ఆగుతుందేమోనని తీసుకోలేదని, ఉండి కూడా లేవని అబద్ధం చెప్పానని చెప్పింది. ఈ మాట అప్పటిదాకా ఆమె ఎవరితోనూ అనలేదు.

డానియేలు చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

“నువ్వు తెచ్చిస్తే నేను మింగుతుంటి అక్కా. ఎవలి గోలీలని అడగకపోదును” అన్నాడు. “నువ్వు తేలేదు. నేను బతికిన. వాళ్ళు గూడ బతికిండ్రు. నాకు కోపమైతే లేదు. అప్పుడే చెప్పుంటె మాత్రం వస్తుండె.”

రాజమణి తల ఊపింది. అతను గిన్నె తీసుకుని పక్క వరసకు వెళ్ళాడు. మైథిలి జరిగి చోటిస్తే ఆమె వచ్చి కూర్చుని, ఆకులో వేసినదంతా తింది.