తాడు కింద నుంచి పోయిన బంతి

మా అత్తగారి ఊరికి ఓడిపోవడం బాగా అలవాటు. క్రిస్మస్ సెలవుల్లో మా పాస్టరేటులోని, అంటే ఒకే పాస్టరు కింద ఉన్న చర్చిల మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. మార్కాపురం పక్కనున్న మా పల్లె, నేను కాపురానికి వచ్చిన మొదటి పన్నెండేళ్ళలో, ఒక్కసారి కూడా వాటిలో నెగ్గలేదు. ఓడించేది కూడా ఏటా ఒకటే ఊరు. అది దొనకొండ దగ్గరున్న మా పుట్టింటి ఊరు. ఓడిన సాయంత్రం మా పల్లెలో ఉండే సందడి పండగనాడు కూడా ఉండదు. గాలి ఎదురు కొట్టిందంటారు, బంతిలో గాలి తగ్గిందంటారు, రెఫరీ పొద్దున వాళ్ళ ఆటోలో దిగాడంటారు. ఒక ఏడాది ఎండ మా గోల్‌కీపరు కళ్ళలో పడిందన్నారు. సగం ఆట అయ్యాక వైపులు మారతారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్న మాట మావాళ్ళను చూశాకే పుట్టి ఉంటుంది.

వీళ్ళందరికీ పెద్ద మా ఆయన చిన్నాయన, నాకు చిన్నమామ. చర్చిలో సంఘ పెద్ద. జన్మలో బంతిని కాలితో తాకిన మనిషి కాదు గానీ, ఫోన్లో విదేశీ మ్యాచ్‌లు చూసి ఆటంతా నేర్చుకున్నాడు. గీత బయట నిలబడి, బంతి ఎటు పోయినా ఆఫ్‌సైడ్ అంటాడు. ఒకసారి బంతి పక్కనున్న కంది చేలో పడితే దానికీ ఆఫ్‌సైడ్ అన్నాడు.

మా ఊరి గ్రౌండులో గోలుకు వల లేదు. రెండు జామాయిలు గుంజలు పాతి, పైన ఒక నైలాను తాడు కట్టారు. తాడు కింద నుంచి పోతే గోలు, పైనుంచి పోతే కాదు. ఆపడానికి వల లేదు కాబట్టి బంతి దూసుకుపోతుంది, ఎటు నుంచి పోయిందో చెప్పడం కష్టం. మూడేళ్ళ కిందట దీని మీదే కొట్టుకోబోతే పాస్టరుగారు అడ్డం పడి ఒక ఏర్పాటు చేశారు. గోలు వెనక కుర్చీ వేసి, రెండు ఊళ్ళూ ఒప్పుకున్న మనిషిని కూర్చోబెట్టాలి. రెఫరీకి అనుమానం వస్తే ఆ మనిషి మాటే ఖాయం. ఒక వైపు పాస్టరుగారే కూర్చుంటానన్నారు. రెండో వైపుకు ఎవరి పేరు చెప్పినా ఎవరో ఒకరు కాదన్నారు. చివరికి నా పేరు వచ్చింది. వీళ్ళ కోడలిని, వాళ్ళ ఆడబిడ్డను. రెండు ఊళ్ళవాళ్ళూ ఒక్క మాట మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నేను అంగన్‌వాడీ టీచర్ని, ఆదివారం సండే స్కూలు చెబుతాను. పిల్లల్ని తూకం వేసినప్పుడు ముల్లు ఎక్కడ ఆగితే అదే రాస్తాను. బిడ్డ బరువు కాస్త ఎక్కువ రాయమని తల్లులు బతిమాలినా రాయలేదు, పైవాళ్ళు చెప్పినా రాయలేదు. నాకు పొలం లేదు, చెప్పుకోదగ్గ బంగారమూ లేదు. ఈ పిల్ల చూసింది చెబుతుంది అన్న పేరు ఒక్కటే నాకున్న ఆస్తి. ఆ పేరు చూసే నన్ను కూర్చోబెట్టారనుకున్నాను. పైగా ఎదుటి పక్క జనంలో మా నాయన ఉంటాడు. పుట్టింటి ఊళ్ళో చర్చి గంట కొట్టేది ఆయనే. ఊళ్ళు రెండూ ఏమనుకున్నా సరే, నాయన నా మాట నమ్మితే నాకు చాలు.

మొదటి రెండేళ్ళు మావాళ్ళు అనుమానానికి తావు లేకుండా ఓడిపోయారు కాబట్టి నాతో పని పడలేదు. పని పడింది పోయిన క్రిస్మస్‌కే.

ఆ రోజు మావాళ్ళు కొత్త జెర్సీలు వేసుకుని దిగారు. మార్కాపురం బజారులో కొన్నవి. పదకొండు మందిలో ఏ ఒక్కడూ వేరే నంబరుకు ఒప్పుకోలేదట, అందరి వీపుల మీదా పదే. గోల్‌కీపరు కూడా పదే. రెఫరీ మార్కాపురంలో ఒక బడి డ్రిల్లు మాస్టారు. తప్పు చేసినవాడి నంబరు రాసుకుందామని పుస్తకం తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆట సంగతి చెప్పాలంటే, ఆడింది మా పుట్టింటివాళ్ళే. మావాళ్ళు చూశారు. వాళ్ళు తన్నిన బంతి మూడుసార్లు గుంజకు తగిలి వెనక్కి వచ్చింది. ఒకసారి మా గోల్‌కీపరు ఎడమకు దూకితే, బంతి కుడికి పోతూ మావాడి కాలికే తగిలి బయటపడింది. ఇక పది నిమిషాల్లో అయిపోతుందనగా మా ఊరి జనం ఆశ వదిలేశారు. కొందరు ఫోన్లు తీశారు. చిన్నమామ జనం వైపు తిరిగి, ఈసారి తప్పెవరిదో అప్పుడే వివరిస్తున్నాడు. సగం మంది చెప్పులు వేసుకుని చర్చి దగ్గర వండుతున్న బిర్యానీ వైపు నడుస్తున్నారు.

అప్పుడు మావాడొకడు, బంతి తన దగ్గర ఉంటే ప్రమాదమనుకున్నాడేమో, కళ్ళు మూసుకుని తన్నాడు. అది సగం గ్రౌండు దాటి, గాలికి వంగి, నేను కూర్చున్న వైపు గోలు మీదికి దిగింది. అక్కడ ఉన్నది మా పుట్టింటి గోల్‌కీపరు. తాడు మీది నుంచి పోతుందిలే అని అతను నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. బంతి తాడుకు జానెడు కింద నుంచి దూరి, ఒకసారి నేల తాకి, సూటిగా వచ్చి నా ఒళ్ళో పడింది. చీర మీద గుండ్రంగా మట్టి మరక. అది చూడలేకపోవడానికి నేను గుడ్డిదాన్నయినా కావాలి, అక్కడ లేకుండానైనా ఉండాలి.

రెఫరీ గ్రౌండు మధ్యలో ఆయాసపడుతున్నాడు. దగ్గరికి వచ్చి నన్ను అడిగాడు. తాడు కింద నుంచే పోయిందని చెప్పాను. ఆయన విజిల్ ఊదాడు.

గెలిచిన ఊరు కేకలు వేయాలి గదా. మావాళ్ళు వేయలేదు. వెనక్కి తిరిగి, ఏమైందని ఒకరినొకరు అడిగారు. అన్ని ఫోన్లుండీ ఒక్క దాంట్లోనూ ఆ బంతి లేదు. ఒకడి వీడియోలో వాడి ముఖమే ఉంది, మన పని అయిపోయిందని చెబుతూ. ఇక మా పుట్టింటివాళ్ళు నన్ను ఒక చూపు చూసి, కుర్చీలు మడిచి, బిర్యానీ ముట్టకుండా ఆటోలు ఎక్కారు. నాయన తువాలు దులిపి భుజాన వేసుకుని, వాళ్ళ వెనకే పోయాడు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు. ఆ సాయంత్రం చర్చి అరుగు మీద మా ఊరి ఏడుపు మొదలైంది. ఇదొక గెలుపా అన్నారు. మనం ఆడలేదన్నారు, మధ్య వరసలో ఆడేవాళ్ళు మెత్తనన్నారు, గోల్‌కీపరును మార్చాలన్నారు. ఓడితే తప్పు గాలిది, గెలిస్తే మాత్రం తప్పంతా ఆడినవాళ్ళది. పన్నెండేళ్ళు దాచుకున్న సాకులు ఒక్క గోలుతో పనికిరాకుండా పోయాయని వాళ్ళ బాధ. బిర్యానీ మాత్రం అవతలి ఊరి వంతు కూడా వీళ్ళే తిన్నారు. ఇలాంటి గెలుపు గెలిచి ఎట్ల తలెత్తుకు తిరగాల అన్నవాడే మూడోసారి ప్లేటు చాపాడు.

చీకటి పడకముందే చిన్నమామ మా ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్ళలో ఆయన నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. ఏమ్మా అని పిలిచి, గొంతు తగ్గించాడు.

"పుట్టింటిని కాదని మన పక్క నిలబడినావు. ఈ సాయం ఊరు మర్చిపోదు. ఎవురన్నా గుచ్చి గుచ్చి అడిగితే మాత్రం మాట మార్చబాకు."

నేను చూసిందే చెప్పాను మామా అన్నాను. ఆయన తల ఊపి, మెచ్చుకోలుగా నవ్వి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధనలో ఆయనే కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. ఆటగాళ్ళ సంగతి ముక్తసరిగా ముగించి, నా దగ్గరికి వచ్చాడు. సమయానికి తగిన మాట మా సహోదరి నోట ఉంచినందుకు నీకు స్తోత్రం ప్రభువా అన్నాడు. చర్చి మొత్తం ఆమెన్ అంది. ఆ ఆమెన్ విని నా ఒళ్ళు మండిపోయింది. నేను అబద్ధం చెప్పానని ఊరంతా నమ్మడమే కాదు, ఆ అబద్ధాన్ని చెప్పించింది దేవుడని తేల్చారు. నేను సండే స్కూల్లో అదే బెంచీల మీద పిల్లలకు అబద్ధమాడకూడదని చెబుతాను. ఆ మధ్యాహ్నం పిల్లలు నన్ను చూసి ముసిముసిగా నవ్వారు.

ఇంట్లో అంతకన్నా వింత. మా అత్తమ్మ కోడికూరలో కార్జం నా పళ్ళెంలో వేసింది. నేను నీళ్ళు తోడి, బట్టలుతికి, ఆమెకు మోకాళ్ళ నొప్పులొస్తే మార్కాపురం ఆస్పత్రికి తిప్పినప్పుడు కూడా ఆ కార్జం ఆమె కొడుకు పళ్ళెంలోకే పోయేది. దారిలో కనబడ్డవాళ్ళు నాకు పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. పన్నెండేళ్ళు నిజాయితీగా బతికితే దొరకని మర్యాద, చెప్పని అబద్ధానికి దొరికింది.

చివరికి మా ఆయన కూడా ఒకనాడు, ఇప్పుడన్నా నిజం చెప్పు, పైనుంచే గదా పోయింది అని అడిగాడు. ఆ రోజు ఇక ఊరుకోలేదు. పెరట్లో రెండు గుంజల మధ్య బట్టలారేసే తాడు లాగి కట్టించాను. వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బంతి తెప్పించి ఆయన చేత విసిరించాను. పైనుంచి విసిరిన ప్రతిసారీ బంతి నా తల మీదుగా పోయి గోడకు తగిలింది. కింద నుంచి విసిరితేనే ఒళ్ళో పడింది. మట్టి మరకతో అలాగే ఉంచిన చీర కూడా తెచ్చి చూపించాను. ఆయన అదీ ఇదీ చూసి, ఆలోచించి ఒప్పుకున్నాడు. నా ప్రాణం కుదుటపడింది. రేపే మీ చిన్నాయనకు చెప్పమన్నాను.

"ఎందుకులే ఇప్పుడు. నువ్వు నిజమే చెప్పినావని తెలిస్తే ఆయన బాధపడతాడు" అన్నాడు.

ఇదీ నేను చేసుకున్న కాపురం. అయినా అంతగా కుంగిపోలేదు. నాకు ఒక్క ధైర్యం ఉండేది. ఆ తర్వాత నాయన రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. పిల్లల గురించి అడిగాడు, వానల గురించి మాట్లాడాడు. మ్యాచ్ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడగలేదంటే నమ్మాడనే గదా అనుకున్నాను. చూసింది చెప్పిన కూతుర్ని ఏ తండ్రయినా ఏం అడుగుతాడు?

మొన్న దసరా సెలవుల్లో మూడోసారి వచ్చాడు, సంచి నిండా సీతాఫలాలతో. ఈసారి పోటీలు మా పుట్టింటి ఊళ్ళో. గోలు వెనక కుర్చీలో మళ్ళీ నన్నే కూర్చోబెట్టాలని వాళ్ళ పెద్దలు అడగమన్నారట. ఇక్కడ చిన్నమామ వాళ్ళు కూడా అప్పటికే నా పేరే చెప్పి ఉన్నారు. రెండు ఊళ్ళూ మళ్ళీ ఒక్క మాట మాట్లాడకుండా ఒప్పుకున్నాయన్న మాట. ఎందుకు ఒప్పుకున్నారో ఈసారి నాకు అర్థమైంది గానీ, నాయన నోటి నుంచి వినాలని అడిగాను. నన్నే ఎందుకు, వేరే మనిషే దొరకలేదా అన్నాను.

నాయన చాప మీద కూర్చుని, పండు వలుస్తూ తాపీగా చెప్పాడు.

"మనోళ్ళు ఏందంటే, పోయినసారి అత్తగారోళ్ళకు చెప్పినావు, ఈసారి వంతు మనది అంటున్నారు. న్యాయంగానే ఉంది గదమ్మా."

నువ్వు కూడా నేను అబద్ధం చెప్పాననే అనుకున్నావా అని అడిగాను. ఆయన ఆలోచించడానికి కూడా ఆగలేదు.

"కాపురం చేసుకునే ఆడపిల్లవి, నువ్వు మాత్రం ఏం చేస్తావు? నేను ఆ రోజు ఆటో ఎక్కేటప్పుడే క్షమించినా. రోజూ గంట కొట్టినాక నీకోసం ప్రార్థన చేస్తనే ఉండా, ప్రభువు కూడా క్షమించాలని."

పది నెలలుగా, ప్రతి రోజూ. నా కోసం ఒక మనిషి ఇంత శ్రద్ధగా నన్ను నమ్మకుండా ఉన్నాడు. నాకు కోపం వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. చీర తెచ్చి ఆయన ముందు పరిచాను. తాడు ఎంత ఎత్తున ఉందో, బంతి ఎక్కడ నేల తాకిందో, నా ఒళ్ళో ఎట్లా పడిందో మొత్తం చెప్పాను. పెరట్లో మా ఆయన బంతి విసరడం కూడా చెప్పాను. నాయన మరకను చూశాడు. వేలితో తడిమాడు. దేవుడికి అన్నీ తెలుసు లేమ్మా అన్నాడు.

"దేవుడి సంగతి నాకెందుకు నాయనా. నువ్వు నమ్మినావా లేదా?"

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "సరేలేమ్మా, నమ్మినా. ఏడవబాక. లేసి ఇంత అన్నం తిను."

లేచి తిన్నాను. అన్నం దిగింది గానీ, ఆయన నమ్మకం మాత్రం ఇప్పటికీ గొంతు దిగలేదు.