రాత్రి సర్వేకు కనబడని కార్లు

ఇంగ్లండ్ దక్షిణాన, బేసింగ్‌స్టోక్‌కు అరగంట దూరంలో ఉన్న ఒక పట్టణపు కౌన్సిల్‌లో 2019లో నాకు ఉద్యోగం వచ్చింది. హైవేస్ విభాగంలో సీనియర్ ఇంజనీరు హోదా. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది 2023 మొదట్లో, చలికాలంలో జరిగింది.

ఎవరైనా ఇళ్ళు కట్టడానికి అనుమతి కోరితే ఆ దరఖాస్తు ప్లానింగ్ ఆఫీసరు దగ్గరికి వెళుతుంది. రోడ్డు, పార్కింగ్ విషయాల్లో ఆయన మా విభాగం అభిప్రాయం అడుగుతారు. చెత్త లారీ లోపలికి వచ్చి తిరగగలదా, వచ్చే కార్లకు చోటు చాలుతుందా, ఉన్న కార్లు ఎక్కడికి పోతాయి అన్నవి చూసి నేను రెండు పేజీల జవాబు రాయాలి. చివర ‘అభ్యంతరం లేదు’ అనో ‘ఉంది’ అనో ఒక వాక్యం. ఆ వాక్యం మీద చాలా ఆధారపడి ఉంటుంది.

కోవిడ్ తరవాత మా వాళ్ళంతా ఇళ్ళనుంచే పనిచేయడానికి అలవాటుపడ్డారు. నేను మాత్రం రోజూ ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ నార్తాంప్టన్‌లో అమ్మాయి ఇంట్లో ఉండి మనవలను చూసుకునేది. శుక్రవారం సాయంత్రం నేను అక్కడికి వెళ్ళి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో నేనుండేది ఒక గది అద్దె ఫ్లాట్. ఇరవై నాలుగు బల్లలున్న ఆఫీసు హాల్లో ఒక్కణ్ణే కూర్చుని భోంచేసేవాణ్ణి. ఫోనులో తప్ప తెలుగు మాట్లాడే పని పడేది కాదు.

ఆ దరఖాస్తు ఒక పాత ఫ్లాట్ల సముదాయం వెనకున్న స్థలం గురించి. అక్కడ శిథిలమైన గ్యారేజీల వరస, దాని ముందు ఖాళీ ఆవరణ ఉన్నాయి. ఫ్లాట్ల వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఆవరణలోనే కార్లు పెట్టుకుంటున్నారు. డెవలపర్ గ్యారేజీలు పడగొట్టి తొమ్మిది ఇళ్ళు కడతానన్నాడు. అంతకుముందు ఏడాదే కొత్త బిల్డింగ్ రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. కొత్తగా కట్టే ఇంటికి పార్కింగ్ చోటు ఉంటే, ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ పాయింటు కూడా పెట్టాలి. ఆయన ప్లాన్‌లో తొమ్మిది ఇళ్ళకూ తొమ్మిది పాయింట్లున్నాయి. పక్కనే ఉన్న పాత ఫ్లాట్లకు ఆ రూలు వర్తించదు. వాళ్ళకు పాయింటు లేదు, ఇప్పుడు ఉన్న చోటూ పోతుంది.

ఆ కార్లు చుట్టుపక్కల వీధుల్లో సర్దుకుంటాయని చూపించడానికి డెవలపర్ కన్సల్టెంటు పార్కింగ్ సర్వే జతచేశాడు. జనం ఇళ్ళలో నిద్రపోయే వేళ కార్లన్నీ వీధిలోనే ఉంటాయి కాబట్టి, వారం మధ్యలో రెండు రాత్రులు అర్ధరాత్రి దాటాక లెక్కపెట్టడం ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. ఆ లెక్కలో వీధుల్లో పద్దెనిమిది ఖాళీలు తేలాయి, ఆవరణలోని కార్లకు అవి సరిపోతాయి. నేను పటం సరిచూసి, ‘అభ్యంతరం లేదు’ అని రాసి పంపేశాను.

తరవాతి వారం లారీ తిరిగే చోటు కొలతలు మరోసారి సరిచూడటానికి స్థలానికి వెళ్ళాను. డెవలపర్ ఏజెంటు నా పక్కనే నడుస్తున్నాడు. పాత నీలం రంగు ఎలక్ట్రిక్ కారులోంచి ఒకావిడ దిగింది. వృద్ధులను చూసుకునే కేర్ హోమ్ యూనిఫాం మీద కోటు వేసుకుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మెడలో వేలాడే కార్డు మీది పేరు చదివింది.

“అంకుల్, మీరు తెలుగువాళ్ళాండీ? మాది చీరాలండి. ఈ చోటు తీసేత్తే మేం బండ్లు ఏడ బెట్టుకోవాలండి?”

మాది బాపట్ల. ఆ యాస విని ఎన్నాళ్ళైందో. కానీ దరఖాస్తు నడుస్తుండగా అభ్యంతరం చెప్పేవాళ్ళతో ఆఫీసరు విడిగా మాట్లాడకూడదు. పైగా ఏజెంటుకు అర్థంకాని భాషలో అసలు మాట్లాడకూడదు. ఈ విషయం నేను చర్చించలేననీ, చెప్పదలచుకున్నది కౌన్సిల్‌కు రాతపూర్వకంగా పంపమనీ ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాను.

ఆవిడ కారుకు తాళం వేసింది. “సరేనండి” అని, సంచీ తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు ఆవిడ ఉత్తరం ఫైల్లోకి వచ్చింది. పేరు సలోమి. ఇంగ్లీషులోనే రాసినా ప్రతి వాక్యం వెనక తెలుగు వినబడింది నాకు. ఊరవతల కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున డ్యూటీ దిగేసరికి బస్సులుండవు. ఇంటి దగ్గర చార్జింగ్ లేదు కాబట్టి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కారును చార్జింగ్‌కు పెట్టి, అది నిండేదాకా సీట్లోనే కునుకు తీసి ఇంటికి వస్తుంది. ఈ ఫ్లాట్లలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ తనలాంటి కేరర్లు, నర్సులు, గోదాము పనివాళ్ళు చాలామంది ఉన్నారు. ‘మీవాళ్ళు లెక్కపెట్టిన వేళకు మేము పనిలో ఉన్నాము. దయచేసి ఆదివారం పొద్దున వచ్చి చూడండి’ అని ముగించింది.

అది చదివాక నా జవాబు కాపీ తీసి మళ్ళీ చూసుకున్నాను. రాత్రి ఊరంతా ఇంట్లోనే ఉంటుందనుకుని తయారైన లెక్కను, ఇక్కడుండేది ఎవరని అడగకుండా ఒప్పుకున్నాను. తప్పు కన్సల్టెంటుది కాదు, ఆయన పద్ధతి ప్రకారమే చేశాడు. అడగాల్సింది నేను.

నార్తాంప్టన్‌కు రానని మా ఆవిడకు ఫోన్ చేశాను. వరసగా రెండు ఆదివారాలు పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి, చుట్టుపక్కల వీధులన్నీ నడిచి, ఒక్కొక్క కారునూ పటం మీద గుర్తుపెట్టాను. పగలు పనిచేసేవాళ్ళు ఇంకా లేవలేదు, రాత్రి పనికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. వీధుల్లో మొదటి వారం మూడే ఖాళీలు, రెండో వారం నాలుగు; ఆవరణలోని కార్లకు అవి ఏమూలకూ చాలవు. నీలం కారు రెండుసార్లూ కనబడింది. సలోమి గుమ్మం ముందునుంచే నడిచాను గాని ఆగలేదు.

ఆ లెక్క జతచేసి, ‘అభ్యంతరం ఉంది’ అని కొత్త జవాబు రాశాను. మా మేనేజరు మార్టిన్‌కు ఇది నచ్చలేదు. ఇచ్చిన జవాబును వెనక్కి తీసుకోవడం విభాగానికి మంచిది కాదన్నాడు. రేపు డెవలపర్ అప్పీలుకు వెళితే, మనమే ఒప్పుకున్న పద్ధతిని మనమే కాదన్నామని అప్పీలు వినే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెడతారన్నాడు. చివరికి, పంపాలనుకుంటే నీ పేరుమీదే పంపు అన్నాడు. అంతకుముందు మా జవాబుల కింద ఇద్దరి పేర్లుండేవి. దీని కింద నా పేరొక్కటే ఉంది.

రెండు రోజుల తరవాత ఏజెంటు నుంచి ఈమెయిల్ వచ్చింది. అభ్యంతరం చెప్పినావిడా ఈ ఆఫీసరూ ఒకే భాషవాళ్ళనీ, అభిప్రాయం మారడానికి అదే కారణం కావచ్చనీ సూచన. మార్టిన్ పిలిపించి ఆవిడ నీకు తెలుసా అని అడిగాడు. ఎదురైంది ఒక్కసారేననీ, ఏజెంటు వింటుండగా ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాననీ అన్నాను. ఏజెంటును అడిగితే ఆయన కాదనలేకపోయాడు. నా లెక్క ఫైల్లో నిలిచింది.

దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునే కౌన్సిలర్ల కమిటీలో అభ్యంతరం చెప్పేవాళ్ళకు మూడు నిమిషాలిస్తారు. సలోమి డ్యూటీకి వెళ్ళే ముందు యూనిఫాంలోనే వచ్చింది. కాగితం చూడకుండా మాట్లాడింది. తన కేర్ హోమ్‌లో ఎంతమంది పెద్దవాళ్ళను రాత్రంతా పక్కమీద తిప్పి పడుకోబెట్టాలో చెప్పి, ఆ పనికి వెళ్ళడానికే ఈ కారు అంది. రెండు నిమిషాల్లో ముగించి కూర్చుంది. కౌన్సిలర్లు దరఖాస్తును వాయిదా వేసి, ప్లాన్ మార్చుకు రమ్మన్నారు. డెవలపర్ ఏడు ఇళ్ళకు దిగాడు. మిగిలిన స్థలం ఫ్లాట్ల వాళ్ళ పార్కింగ్‌కు ఉంచాలనీ, అక్కడ అందరూ వాడుకునే రెండు చార్జింగ్ పోస్టులు పెట్టాలనీ షరతుతో అనుమతి వచ్చింది.

అనుమతి పత్రం వెలువడ్డాక ఆవిడతో మాట్లాడటానికి నాకు ఏ అడ్డంకీ లేదు. వెళ్ళి, మాది బాపట్లమ్మా అని చెబుదామనుకున్నాను. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ ఏడాది గడిచింది.

షరతులు అమలయ్యాయో లేదో చూడటానికి మరుసటి వేసవిలో వెళ్ళాను. పోస్టులు రెండూ సరైన చోటే ఉన్నాయి, పచ్చదీపాలు వెలుగుతున్నాయి. నీలం కారు లేదు. కింది ఫ్లాటులోని పెద్దాయనను అడిగాను. సలోమికి కేంబ్రిడ్జ్‌లో వేరే కేర్ హోమ్‌లో పని దొరికిందనీ, వెళ్ళి ఆరు నెలలైందనీ చెప్పాడు. నువ్వు చుట్టానివా అని అడిగాడు. కాదన్నాను. తనిఖీ ఫారం నింపి, షరతు నెరవేరిందని సంతకం పెట్టి ఆఫీసుకు వచ్చేశాను.

ఈ దరఖాస్తు నాకు రెండు సంగతులు నేర్పింది. లెక్క ఎంత పద్ధతిగా చేసినా, అది ఎవరి రోజును కొలతగా తీసుకుందో ముందు అడగాలి. ఆ తరవాత నా దగ్గరికి వచ్చిన ప్రతి సర్వేకూ ఆ ప్రశ్న రాసి పంపాను. రెండోది, దరఖాస్తు నడిచినన్నాళ్ళు మౌనంగా ఉండటం ఆఫీసరుగా నా బాధ్యత. నిర్ణయం వెలువడిన మర్నాటి నుంచి మాట్లాడకపోవడానికి ఏ నిబంధనా కారణం కాదు, అది నా అలవాటు.