డాక్టరప్ప పెళ్లాం

యాభైల్లో కెలమంగలం సర్కారు ఆసుపత్రిలో మా ఆయన కాంపౌండరు. డాక్టరు హోసూరు నుంచి వారానికోసారి వచ్చిపోయేవాడు. మిగతా రోజుల్లో మందు కలిపేది, పుండ్లు కడిగి కట్టు కట్టేది ఈయనే. అందుకని ఊరు ఆయన్ను డాక్టరప్పను చేసింది. కాదప్పా, కాంపౌండరునని ఈయన ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే. ఆయన డాక్టరప్ప అయితే నేనేమవుతాను? డాక్టరమ్మను! మా వైపు అంతే, మొగుడి ఉద్యోగం పెళ్లానికీ అంటుకుంటుంది. నాకు ఒళ్లు మండేది. మిరియాల కషాయం కాచడం తప్ప నాకేం తెలుసని?

ఒకరోజు ఆయన మందుల పెట్టెలు తేవడానికి కృష్ణగిరి పోయాడు. పొద్దున్నే ఒక కూలాయన, నిండు చూలాలైన కూతుర్ని ఎద్దులబండిలో మా వాకిట్లోకి తెచ్చాడు. నిన్నటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. స్టాండులో హోసూరు బస్సు నిలబడే ఉన్నా, దాన్ని దాటుకుని వచ్చారు.

"ఈ ఊరి ఆసుపత్రిలో అంతా మగోళ్లు. ఈడ డాక్టరమ్మ ఉండాది గదా అని వచ్చినాను" అన్నాడు.

నాకేమీ తెలియదంటే నమ్మడే. చివరికి ముఖం మాడ్చుకుని, "కూలోళ్లమని చెయ్యి పెట్టవామ్మా?" అన్నాడు.

ఆ మాట గుండెల్లో దిగింది. వీధంతా చూస్తుండగా చెప్పేశాను. "నేను డాక్టరమ్మను కాదప్పా. ఆయనా డాక్టరు కాదు, మందు కలిపే కాంపౌండరు. నీ కూతురు బతకాలంటే హోసూరికి పోవల్ల."

అప్పటికే బస్సు వెళ్లిపోయింది. ఇక బండే గతి. నేనూ ఎక్కి ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకున్నాను. నా చెయ్యి పట్టుకుని దారంతా డాక్టరమ్మా, డాక్టరమ్మా అని మూలుగుతూనే ఉంది. అప్పుడు మాత్రం కాదనడానికి నాకు నోరు రాలేదు.

హోసూరులో అసలు డాక్టరమ్మ తల్లిని బతికించింది. బిడ్డ దక్కలేదు. ఆ బస్సుకే వచ్చుంటే దక్కేదేమో అంది.

సంగతి విని మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నలుగురిలో పరువు తీశానని కోపమేమో అనుకున్నాను. మర్నాటి నుంచి ఎవరైనా డాక్టరప్పా అంటే ఆయన తలెత్తడం మానేశాడు. కాంపౌండరప్పా అంటేనే మందుకు తెచ్చిన సీసా అందుకునేవాడు. జనం కొన్నాళ్లు గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు.

మామిడిపండ్ల కాలంలో ఆ తండ్రీకూతుళ్లు మా గడప ముందుకొచ్చారు. తండ్రి తువ్వాలులో పండ్లు మూటగట్టుకుని, నన్నేమని పిలవాలో తెలియక నిలబడిపోయాడు. ఆ పిల్లే మెల్లగా పిలిచింది.

"కాంపౌండరమ్మా."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ ఊళ్లో నేను నోరారా బదులు పలికిన మొదటి పిలుపు అదే.