ఉంగరం లేని వేలికి ముద్దు

దయ్యాలు, దర్శనాలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వులాటే. బడిలో సైన్స్ చెబుతాను. అన్న చర్చి ఫాదర్ అయినా సరే, ఇంట్లో అద్భుతాల మాటెత్తితే ముందు నన్ను ఒప్పించాలి. అలాంటి నేనే ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది.

ఆ రోజు పొద్దున్నే అన్న ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చాడు. ఫాదర్ల తెల్ల అంగీ లేదు; ప్యాంటు, షర్టు, చేతిలో చిన్న సంచి.

"ఒక్క రోజు ఉంట చెల్లె, ఏం అడగకు" అన్నాడు.

అడగలేదు. అది నాకెంత కష్టమో మా ఆయనకు తెలుసు.

సంగతి తర్వాత తెలిసింది. అన్నను బిషప్‌గా ఎంపిక చేశారని ముందురోజే పోప్ గారి రాయబారి ఫోన్ చేశారట. ప్రకటన వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు, సొంత చెల్లెలికి కూడా. పల్లెలు తిరిగి జపాలు చెప్పుకునే తనకు అంత పెద్ద పని చేతకాదని అన్న భయం. వద్దని ఉత్తరం రాయడానికే మా ఇంటికి వచ్చాడు. నేను పెట్టిన ఉప్మా ముట్టకుండా వరండాలో కూర్చుని రాస్తున్నాడు.

తొమ్మిది దాటాక గేటు దగ్గర ఒక ముసలవ్వ నిలబడింది. ముతక చీర, చేతిలో టిఫిన్ డబ్బా.

"బిషప్ సామి ఉన్నడా?"

"బిషప్ ఈడెందుకుంటడవ్వా? మా అన్న ఉన్నడు గని, ఉత్త ఫాదరే" అన్నా.

"నాకెరుకే, జరుగు" అని నన్ను తోసుకుని లోపలికి వచ్చింది. అన్న కుడిచేయి పట్టుకుని ఉంగరం వేలిని ముద్దు పెట్టుకుంది. మా క్యాథలిక్కుల్లో బిషప్ ఉంగరాన్నే అలా ముద్దు పెట్టుకుంటారు. అన్న వేలికి ఉంగరం లేదు.

"మాది శేరిగూడ. మా మనుమరాలికి భద్రమైన అభ్యంగనం నువ్వే ఇయ్యాలె. ఎప్పుడొస్తవ్?"

పిల్లలు విశ్వాసంలో స్థిరపడాలని నుదుట నూనె రాసే ఆ అభ్యంగనం మామూలుగా ఇచ్చేది బిషపే. అన్న లేచి నిలబడ్డాడు.

"వస్తనవ్వా. జల్దీ వస్త" అన్నాడు.

నేను చాయ్ తెచ్చేసరికి అవ్వ లేదు. రోడ్డుకు రెండు వైపులా చూశా, ఎవరూ కనపడలేదు. అన్న ఉత్తరం చింపేసి, చల్లారిన ఉప్మా అంతా తిని, ఇంకొంచెం ఉందా అన్నాడు.

వారం తర్వాత ప్రకటన వచ్చింది. ఆ సాయంత్రమే అన్న నాకు అంతా చెప్పాడు. సంతోషంతో ఏడ్చేశా. ఆ తర్వాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అన్న నోరు విప్పలేదు, నాకు తెలియదు. మరి ఆమెకు ఎవరు చెప్పారు? శేరిగూడలో మా క్యాథలిక్కుల ఇళ్లన్నీ తిరిగా. అలాంటి అవ్వ ఎవరూ లేరన్నారు. మతి తప్పిన మనిషేమో అనుకుందామంటే, సరిగ్గా ఆ రోజే, మా గేటుకే ఎందుకు రావాలి?

బిషప్ అయ్యాక అన్న మాటిచ్చినట్టే ముందు శేరిగూడ పిల్లలకే అభ్యంగనం ఇచ్చాడు. ఒక్కో ఆడపిల్లనూ "మీ అవ్వ వచ్చిందా?" అని అడిగాడు. అవ్వలు చాలామందే వచ్చారు. ఆమె లేదు.

"ఆమె ఎవరో తెల్సుకోవాలని లేదా?" అని అన్నను అడిగా.

"ఎవరైతేంది చెల్లె? నీకు చేతనైతదా అని ఆమె అడగలే. ఎప్పుడొస్తవని అడిగింది. ఇగ కాదని ఎట్లంటం?"

అన్నకు అది చాలింది. నాకు మాత్రం ఇప్పటికీ జవాబు దొరకలేదు. అయినా మా అన్న నవ్వుకుంటూ ఊళ్లు తిరుగుతుంటే, దొరకలేదని బాధ కూడా లేదు.